స్వెటర్ వెంట వచ్చిన గడ్డి

చెల్లికి అక్క దీవెనలు. నా ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు.

ఈ దీవికి వచ్చేవాళ్ళ బూట్లు, బట్టలు దులిపి, బయటి విత్తనం ఒక్కటీ లోపలికి రాకుండా చూడటమే కదా నా ఉద్యోగం. నువ్వు అల్లి పంపిన స్వెటర్‌ను మాత్రం దులపలేదు. నీ చేతిపనిని అనుమానించబుద్ధి కాలేదు. పెరట్లో గడ్డి మీద ఆరేశావేమో, విత్తనాలు ఉన్నిలో చిక్కుకుని వచ్చాయి. అది వేసుకునే రోజూ కొండంతా తిరిగాను. ఇప్పుడు కొండవాలంతా మన పెరటి గడ్డే. ఇక్కడ దిండులా గుబురుగా పెరిగే మొక్క ఒకటుంది. ఈ చలిగాలికి చిన్న మొక్కలన్నీ దాని ఒడిలోనే మొలిచి బతుకుతాయి. గడ్డి దాన్నే కమ్మేసింది.

బూట్లు సరిగ్గా దులుపుకోలేదని నింద పడవ నడిపే అతని మీద పడింది. "నా బూట్లు తొక్కితే ఉన్న గడ్డే చస్తుంది, కొత్తది మొలవడం కూడానా పిన్నిగారూ!" అని నవ్వబోయి, బూట్లు విప్పి మళ్ళీ దులుపుకున్నాడు. నిన్న పెద్దసారు దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనన్నాను. "మీరా అమ్మా?" అని ఆయన తల దించుకున్నారు. అతని ఉద్యోగం నిలిచింది. నన్ను వచ్చే ఓడలో పంపేస్తారు.

ఇక ఏమీ పంపకు. నాన్న కళ్ళలో మందు మానకుండా వేస్తున్నావా? నా గది ఖాళీ చేయించు.

ఈ కార్డు ఇవాళ్టి ఓడకు ఇస్తున్నాను. మళ్ళీ ఓడ మూడు నెలలకు. అందాకా మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పీకడమే. పోయిన వారం పీకినచోట ఈ ఉదయం మళ్ళీ పచ్చటి మొనలు కనిపించాయి. దేవుణ్ణి ఏం అడగాలో తోచక, ఊరికే చేతులు జోడించి లేచాను.

పిల్లలకు ముద్దులు.

అక్క