ఇంజనుకు ఊపిరి గొట్టం

నాన్నా, నేను క్షేమం. పోయిన నెల వాగులో మా ఆసుపత్రి ట్రక్కు ఇంజను నీళ్లు తాగి ఆగిపోయిందని రాశాను కదా. ఇప్పుడది గాలిని పైనుంచి పీల్చుకునేలా టాపు ఎత్తుకు ప్లాస్టిక్ పైపు నేనే బిగించాను. పైపు మూతి అరచేత్తో మూస్తే ఇంజను ఆగాలి, ఆగలేదు. అంటే ఎక్కడో గాలి దూరుతోంది. అతుకులన్నీ విప్పి మళ్లీ బిగించాక, మూయగానే ఆగింది.

నిన్న ఆ బండిలోనే పురిటి నొప్పులు పడుతున్న మనిషిని నడుము లోతు నీళ్లు దాటించాను. "ఆపకమ్మా, పోనియ్," అని నర్సమ్మ వెనకనుంచి అంటూనే ఉంది. ఒడ్డెక్కాక ఎక్కడా ఆపకుండా నేరుగా పోనిచ్చాను. ఆసుపత్రికి చేరిన గంటకే పాప పుట్టింది, తల్లీబిడ్డా కులాసా.

మీ షెడ్డులో పాత పైపు క్లిప్పులుంటే నాలుగు పంపండి. చెల్లి పరీక్షలు ఎలా రాసింది? అమ్మకు నీళ్ల సంగతి వదిలేసి పాప సంగతి మాత్రం చదివి వినిపించండి.

ఇద్దరికీ నమస్కారాలతో,
మీ పెద్దమ్మాయి