కట్టు మడతలో తాయెత్తు

కాకినాడ, జూలై 2003, మంగళవారం

మధ్యాహ్నం ఉప్పాడ నుంచి సత్తిరాజుని మా స్కాన్ సెంటర్‌కి తీసుకొచ్చారు. పడవ ఒడ్డుకి లాగుతూ జారిపడితే తలకి దెబ్బ తగిలిందట, కట్టు కట్టి ఉంది. స్కాన్‌కి ముందు అతని మెడలోని రాగి తాయెత్తు తీయించి భార్య నూకరత్నం చేతికిచ్చాను. "చేపల వేటకెళ్ళినా ఇది తియ్యడండి," అని గొణిగింది.

స్కాన్ బొమ్మలు చూసి చెప్పే మా రేడియాలజిస్టు డాక్టరు గారు ఉండేది వైజాగ్‌లో. ఇదివరకు ఫిల్ములు బస్సులో పంపేవాళ్ళం. ఇప్పుడు బొమ్మలన్నీ ఫోన్ లైను మీద కంప్యూటర్‌కే వెళ్తున్నాయి. ఇవాళ ముప్పావుగంట పట్టింది. అంతసేపూ నూకరత్నం ఒకటే మాట. "చెయ్యి పట్టుకుని చూడకుండా అంత దూరాన్నుంచి ఆయనకేం తెలుస్తాదండి?"

ఇంతలో ఆయనే ఫోన్ చేశారు. "తల కట్టులో ఏదో లోహం ఉందమ్మా. బొమ్మ నిండా గీతలే. తీసేసి మళ్ళీ పంపండి."

ఆ మాట చెప్పగానే నూకరత్నం తల దించుకుంది. అతన్ని బల్ల ఎక్కిస్తున్నప్పుడు తాయెత్తుని కట్టు మడతలో దూర్చేసిందట. మళ్ళీ స్కాన్ తీసి పంపాం. లోపల రక్తం చేరలేదని డాక్టరు గారు చెప్పాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె తాయెత్తుని కళ్ళకద్దుకుంది.

కానీ ఆ గీతలు ముందు పడింది నా కంప్యూటర్ మీదే కదా. లైను తెగకూడదన్న కంగారులో నేను బొమ్మల వంక చూడనే లేదు. ఇంకెన్నిసార్లు ఇలా చూడకుండానే పంపేశానో...

వెళ్ళేముందు నూకరత్నం మొగుడి మెడలో తాయెత్తు కట్టి, నవ్వుతూనే అంది. "వైజాగ్‌లో ఉన్నాయనకి కనపడిందండి. పక్కనే ఉన్న మీకు కనపడలేదు."