రెక్క కావలసిన టీ బల్ల

లీడ్స్, 14-11-2013

నాన్నకు ఆషెర్ వందనాలు. నా ఒంట్లో బాగానే ఉంది. మళ్లీ ఎగిరేలా ఇక్కడ బాగుచేస్తున్న యుద్ధకాలపు చెక్క విమానానికి రెండేళ్లుగా నేను చేస్తున్న రెక్క పాడైపోయింది. తప్పు నాదే. చెమ్మ పట్టకూడదని, మీరు తలుపులకు రాసినట్టే, కోసిన పలకలకు నూనె రాశాను. మన తలుపులకు మేకులుంటాయి. ఇక్కడ అంతా జిగురే, అది నూనె మీద అంటలేదు. తనిఖీకి వచ్చినాయన వేలితో నొక్కితే అతుకు విడిపోయింది. "సారీ ఆషెర్, ఇదింక ఎగరదు" అన్నాడు మా మేస్త్రి డెరెక్. ఆ పలకలతోనే సందర్శకుల గదికి టీ బల్ల నాచేతే చేయించారు.

మీరు పంపుతానన్న తాతయ్య చిత్రిక పంపొద్దు, దాన్ని ముట్టుకునే మొహం లేదు. అమ్మ కంటి కట్టు విప్పారా? నేను విమానం చేస్తున్నానని సంఘంలో ఇక చెప్పకండి. ప్రార్థనలో మాత్రం నా పేరు వదలకండి.