ఒక్క రోజు కరెంటు

భేస్తాన్, సూరత్
జూన్ 3

ప్రియమైన లింగవ్వకు,

ఫోన్లో చెబుదామంటే ఈ గదిలో ఎనిమిది మందిమి, అందరి చెవులూ నా వైపే. అందుకే రాసి పోస్టులో వేస్తున్నాను.

పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి కూడా పాకిందట. బెదరకు. కుడి డొక్కలో నొప్పికి ఆసుపత్రిలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. ఒక్కటే రోజు. కాసేపు బల్ల మీద పడుకున్నాను, అంతే. నాతో పాటు వరుసలో కూర్చున్న రాజమౌళికి ఇరవై అయిదు రోజులు రాశారు. పాపం, అతని రోగం ఎంత ముదిరిందో. నేనే అరటిపండు కొనిచ్చి ధైర్యం చెప్పాను.

బట్ట నేసే సాంచాకు చిన్న రిపేరైతే ఒక్క పూటలో తేలిపోతుంది, పెద్దదైతేనే రోజులు పడతాయి. ముప్పై ఏళ్ళు సాంచాల మధ్య బతికినవాణ్ణి, నాకు ఆ మాత్రం తెలియదా? నువ్వు రావద్దు. నెలలో మళ్ళీ పనిలోకి పోతాను.

నీ రాజనర్సు

రాయికల్
జూన్ 14

సంగీత బాపుకు లింగవ్వ దండాలు.

నీ ఉత్తరంతో పోయిన ప్రాణం లేచొచ్చింది. కాలేయం అన్నచోట చదవడం ఆపేశాను, మళ్ళీ తీస్తే ఒక్క రోజు అన్నచోట ఏడుపొచ్చింది. రావడానికి తీసిన టికెట్ రద్దు చేయించాను. "బాపును జూసొస్తే ఏం బోతదే అవ్వా" అని బిడ్డ సంగీత నసిగింది. "వద్దన్నంక పోతే తిట్లు తినేది నేనే" అన్నాను.

తింటున్నావా? ఉగాదికి చూసిన ముఖం. దసరా దాకా ఓపిక పడతాను. రాజమౌళి భార్యకు నా మాటగా ధైర్యం చెప్పు.

ఇట్లు,
నీ లింగవ్వ

భేస్తాన్
జూన్ 27

లింగూ,

నొప్పి నిజంగానే తగ్గింది. ఆ ధీమాతోనే డాక్టరమ్మ దగ్గరికి పోయి, పనిలోకి ఎప్పుడు పోవచ్చని అడిగాను. ఆమె నన్ను కూర్చోబెట్టి చెప్పింది. రోగం నయమవుతుందని ఆశ ఉన్నవాళ్ళకే రాజమౌళికి రాసినట్టు అన్ని రోజులు పెడతారట. నాకు పెట్టింది నొప్పి తగ్గడానికి మాత్రమే. మొదటి రోజే ఇదంతా హిందీలో విడమరచి చెప్పిందట. ఒక్క రోజు అన్న మాట విన్నాక నేను మిగతాది వినలేదు. ఎన్నాళ్ళని అడిగితే, ఇంటివాళ్ళను పిలిపించుకొమ్మంది.

లింగూ, నాకు భయంగా ఉంది. నిన్ను రావద్దన్న నాలాంటి మూర్ఖుడు ఇంకొకడు ఉండడు. కాళ్ళు వాచాయి, ఊరి దాకా రైల్లో కూర్చోలేను. ఫోన్లో చెప్పబోయి రెండుసార్లు పెట్టేశాను.

పోస్టుకు వారం పడుతుంది, అంత ఆగలేను. ఈ కాగితం ఫోటో తీసి సంగీత ఫోన్‌కు పంపుతున్నాను. నీకంటే ముందు బిడ్డ చదువుతుంది, చదవనీ. ఇద్దరూ ఏ రైలు దొరికితే ఆ రైలెక్కండి. ఇప్పుడైతే కూర్చుని నీతో మాట్లాడగలను.

నీ కోసం చూస్తుండే,
రాజనర్సు