పద్నాలుగు అంగుళాల రంపం

తమ్ముడికి,

అక్క దీవెనలు. నేనూ మా అత్తయ్యా కులాసాగా ఉన్నామని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. ఆ మాట ఎంతవరకు నిజమో ఉత్తరం పూర్తయ్యాక నువ్వే తేల్చుకో. మరదలికి దగ్గు తగ్గిందా? ఆ చలిలో గదిలో పొయ్యి ఆరనివ్వకండి.

మోటారు రంపం ఏ సైజుది కొనమంటావని అడిగావు. "కొట్టతను ఇరవై నాలుగు అంగుళాలది చూపించాడు, పెద్దదైతే పని త్వరగా తెములుతుంది కదక్కా" అని రాశావు. వద్దు. నువ్వు కోసేది పొయ్యిలోకి కట్టెలు, అడవిని కాదు. గొలుసు తిరిగే పొడవాటి బద్ద ఉంటుంది చూడు, బార్ అంటారు. దుంగ మందం కన్నా అది రెండంగుళాలు ఎక్కువుంటే చాలు. మీ దగ్గర దొరికే దుంగలు అడుగు మందం దాటవన్నావు. పద్నాలుగు అంగుళాలది తీసుకో. మహా అయితే పదహారు. కొట్లోనే రెండు చేతులతో ఎత్తి నడుమెత్తున పట్టుకుని చూడు. కొట్టతనితో కబుర్లు చెబుతుండగానే చేతులు లాగేస్తే అది నీది కాదు, పక్కన పెట్టేయ్. ముందు పిడి దగ్గర బ్రేకు ఉంటుంది, అది టక్కున పడనిదాన్ని ఊరికే ఇచ్చినా తెచ్చుకోకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలి. కబురందగానే పరుగెత్తుకొచ్చావు గానీ, మీ బావకి ఎలా జరిగిందో నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు.

చెట్లు పడగొట్టడమే ఆయన బతుకు. పెద్దదీ చిన్నదీ రెండు రంపాలుండేవి. ఆ రోజు పెరట్లో మా ఇంటి కట్టెలే కోస్తున్నారు. చిన్నదాని గొలుసు మొద్దుబారింది. "సానబట్టుకుని కోయకూడదూ?" అన్నాను. "ఈ నాలుగు దుంగలకి మళ్లీ సాన ఒకటా! పెద్దది ఉందిగా" అని నవ్వి దాన్నే తీశారు. దుంగ ఇటుంటే బార్ కొస అటువైపు జానెడు పొడుచుకొచ్చింది. వెనకాల పడున్న ఇంకో మొద్దుకి ఆ కొస తగిలింది. కొస తగిలిందా, రంపం ముందుకు పోదురా, మనిషి మీదకే ఎగురుతుంది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఇంతకన్నా రాయలేను.

ఇక నీ రెండో మాట. ఇల్లు అమ్మేసి, అత్తయ్యను తీసుకుని మీ దగ్గరికి వచ్చేయమన్నావు. మరదలు కూడా తన చేత్తో రెండు ముక్కలు రాసింది. మీ మనసు తెలుసు. కానీ ఇక్కడ జరుగుతున్నది మీకు తెలియదు.

ఆయన పోయాక ఎవరో ఆ పెద్ద రంపాన్ని తుడిచి, షెడ్డులో బల్ల మీద పెట్టారు. నేను అటు కన్నెత్తి చూడలేదు. కొన్నాళ్లకి, మధ్యాహ్నాలు అంట్లు తోముకుంటుంటే షెడ్డులోంచి సర్రుమని, రంపం ఇంజను లేపే తాడు లాగిన చప్పుడు. కాస్త ఆగి మళ్లీ. ఇంకాస్త ఆగి మళ్లీ. ఇంజను మాత్రం అంటుకోదు. మీ బావ లాగే తీరే అది. ఆ రంపం ఎప్పుడూ మూడో లాగుకి గానీ లేచేది కాదు. పక్కింటి వడ్రంగిని అడిగితే, "నాకూ వినబడుతోందమ్మా. నువ్వే పని నేర్చుకుంటున్నావేమో అనుకున్నా" అన్నాడు. నా భ్రమే అని సరిపెట్టుకునే దారి కూడా లేకుండా పోయింది.

ఒకరోజు గుండె చిక్కబట్టుకుని వెళ్లాను. తలుపు సందులోంచి చూస్తే మా అత్తయ్య. రంపాన్ని పసివాణ్ణి పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని తాడు లాగుతోంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఏంటత్తయ్యా ఇది! హడలి చస్తున్నాను. రోజూ మూడేసిసార్లు మీరేనా లాగేది?"

"ఇల్లు మూగబోయిందే. వాడి చప్పుడు వినాలనిపించి వస్తాను" అంది ఆమె. నా వైపు తిరిగింది. "కానీ మూడుసార్లెక్కడ? నా చేతుల్లో సత్తువ ఏడిసింది! ఒక్కటి లాగి, బల్ల మీద పెట్టేసి వచ్చేస్తాను. నేను గుమ్మం దాటాక వినబడేవి నువ్వు లాగుతున్నావనుకున్నానే."

రంపాన్ని బల్ల మీద పెట్టేసి ఇద్దరం బయటికొచ్చేశాం.

ఇప్పటిదాకా నీకు దాచిన మాట ఇది, కోప్పడకు. మర్నాడు నేనే గొలుసు విప్పి అవతల పడేసి, టాంకులో పెట్రోలు పోశాను. ఒక్కసారి అంటుకుంటే ఆ చప్పుళ్ల బాధ తీరిపోతుందనుకున్నాను. రంపాన్ని నేల మీద పెట్టి, కాలితో తొక్కిపట్టి లాగాను. ఒకటి. రెండు. మూడోది నేనే లాగానని ఒట్టేసి చెప్పలేను. తాడు నా చేతిలోంచి దానంతటదే పోయినట్టనిపించింది. షెడ్డంతా దద్దరిల్లింది. పొగ, కాలిన నూనె వాసన, అచ్చం ఆయన చొక్కా వాసన. అత్తయ్య గబగబా వచ్చి, రంపం మీదికి వంగి, ఆ హోరులో గొంతు చించుకుని అరిచింది.

"ఇక చాల్లేరా నాన్నా! కోసింది చాలు. లోపలికి రా!"

ఇంజను ఆగిపోయింది. నేను ఆపే మీట ముట్టుకోలేదు. మూత తీసి చూస్తే పెట్రోలు సగానికి పైగా ఉంది.

ఆ తర్వాత షెడ్డులో చప్పుడు లేదు. ఇప్పుడు పొద్దు వాలాక వెనక గుమ్మం దగ్గర, మెట్టుకేసి బూట్లు కొట్టి రంపంపొట్టు దులుపుకునే చప్పుడు. ఒక బూటు, తర్వాత రెండోది. మొదటిసారి అత్తయ్య చేయి గట్టిగా పట్టుకున్నాను. ఆమె మాత్రం, "పిలిచింది మనమే కదే" అంది. ఇప్పుడు ఆ వేళకి గడియ తీసి ఉంచేది నేనే.

అందుకే రాలేను, తమ్ముడూ. మా అక్కకి మతి చలించిందని మీ ఇద్దరూ అనుకున్నా నాకు బాధ లేదు, నన్ను తీసుకెళ్లడానికి మాత్రం రాకు. రంపం కొన్నాక రాయి. కోసే ముందు దుంగ అవతల ఏముందో ఒంగి చూసుకో. మరదలు పిలిస్తే మొదటి పిలుపుకే లోపలికి వెళ్లు.

పొద్దు వాలుతోంది. వెళ్లి తలుపు తీయాలి.

ఇట్లు,
నీ అక్క