దూలం దిగిన విమానం

సరోజ బాపూ,

ఎట్లా ఉన్నావు? నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. బతికున్నప్పుడూ నిన్ను మన బిడ్డ పేరుతోనే పిలిచాను. ఇప్పుడు నీ పేరు రాద్దామంటే చెయ్యి రావడం లేదు... నవ్వకు.

ఇన్నాళ్లూ రాస్తే ఏడుపే రాయాలని ఊరుకున్నాను. ఈరోజు మనసు తేలిగ్గా ఉంది. నీ మైదానం పోలేదు. నీ విమానం విరగలేదు. ముందు ఈ రెండు మాటలూ విను.

నువ్వు పోయాక వచ్చిన వానలకు, మీరు బొమ్మ విమానాలు ఎగరేసే మైదానంలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. బర్రెలు తొక్కి గుంటలు చేశాయి. ఆ గుంటల్లో దిగి మీ గని క్లబ్బు వాళ్ల విమానాలన్నీ విరిగాయి. కొత్తగా వచ్చిన మేనేజరు దొర ఆ జాగాలో గనికి తెచ్చే దుంగలు పేర్పిస్తానన్నాడు. ఈ ఆదివారం వచ్చి చూస్తానన్నాడట. విమానం ఎగిరితే జాగా మీది, లేకపోతే దుంగలది అన్నాడట.

మిగిలింది నీ విమానం ఒక్కటే. మన ఇంట్లో, దూలానికి వేలాడుతూ. నీతో పాటు ఫిట్టరు పని చేసిన మల్లయ్య వచ్చి అడిగాడు. ఇవ్వనన్నాను. తేలికైన పొణికి చెక్క నువ్వు చెక్కావు, రెక్కల గుడ్డకు గంజి నేను పెట్టాను... అది కూడా విరిగితే నాకేం మిగులుతుంది? అతను పోయాక నీ మాటే చెవిలో పోరు పెట్టింది. "దూలానికి ఏలాడితె గది బొమ్మనే. ఎగిరితెనే ఇమానం."

నేనే దించి మైదానానికి తీసుకుపోయాను.

ఇక మీ వాళ్ల తెలివి చూడు! గడ్డి కోసి, గుంటల్లో బాయిలర్ బూడిద పోసి, పైన రోలరు తిప్పారు. చూడటానికి నున్నగా ఉంది. శనివారం పొద్దున ఇంజను తిప్పితే రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మళ్లీ తిప్పినా అంతే. మల్లయ్య ముఖం మాడిపోయింది. నూనె కలపడం తప్పిందేమోనని ఆముదం, దీపాల్లో పోసే గ్యాసునూనె మళ్లీ కొలిచి పోశాడు. లాభం లేదు.

విమానాన్ని ఒళ్లో పెట్టుకుని కొంగుతో తుడిచాను. వేళ్లకు గరగరమంది. ఆ గరుకు నాకు తెలియదా? రోజూ దాంతోనే గిన్నెలు తోముతాను! విమానం ముందు పంకా తిరిగిన ప్రతిసారీ నేల మీది బూడిద లేస్తోంది, ఇంజను ఆ బూడిదనే మింగుతోంది. మీ గని వాళ్లకు అది కనబడదు. మీ సందులు, వాకిళ్లు, అన్నీ బూడిదతోనే పూడ్చుకున్నారు, మీకు అదే మన్ను.

తిట్టిపోశాను అందరినీ. మల్లయ్య ఇంజను విప్పి గ్యాసునూనెలో కడిగాడు. మా క్వార్టర్ల లైను ఆడవాళ్లం గంపలతో బూడిద ఎత్తి అవతల పోశాం. గట్టి ఎర్రమొరం మన్ను తెచ్చి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టాం. తర్వాత నీ పద్ధతి ప్రకారం అందరూ వరుసగా నిలబడి మైదానమంతా ఉత్త కాళ్లతో నడిచాం. "చెప్పులిడిసి నడువుండ్రి. మన కాలికి గుచ్చుకునేది దానికి గుచ్చుకోదా?" అనేవాడివి కదా... ఆ వరుసలో ఎన్నడూ ఆడవాళ్లు లేరు. నిన్న ఉన్నాం. నాకు రెండు ఇనుప మొలలు, ఒక విరిగిన దువ్వెన దొరికాయి.

ఈరోజు దొర వచ్చాడు. మల్లయ్య మైదానం మధ్యలో నిలబడి, విమానానికి కట్టిన ఉక్కు తీగల పిడి పట్టుకున్నాడు. విమానం పట్టుకుని వదలడానికి నన్నే రమ్మన్నారు. నీకు గుర్తుందా? ఒక ఆదివారం ఎవరూ రాక నన్ను పిలుచుకుపోయావు. ఇంజను గర్జిస్తే భయపడి నేను వదలనే లేదు. నువ్వు కడుపు పట్టుకుని నవ్వావు. "జర ఇడువు. గట్టిగ పట్టుకుంటె అదెట్ల పోతది?"

ఇవాళ కూడా విమానం అట్లాగే గర్జిస్తూ నా చేతుల్లో వణికింది. నిన్ను పట్టుకున్నట్టే అనిపించింది... మల్లయ్య తల ఊపాడు. నేను కళ్లు మూసుకోలేదు. వదిలేశాను.

ఎగిరింది! మల్లయ్య చుట్టూ గిరగిరా, నూనె అయిపోయే దాకా. తర్వాత మెల్లగా మొరం మీద దిగి, కొంచెం ఉరికి, నిలబడింది. పల్టీ కొట్టలేదు. దుంగలు ఇంకోచోట వేయిస్తానని దొర అక్కడే చెప్పేశాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎనిమిది నెలల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను, తెలుసా?

విమానాన్ని మళ్లీ దూలానికి కట్టలేదు. మల్లయ్య దగ్గరే ఉంచాను. విరిగితే విరుగుతుంది, గుడ్డకు గంజి పెట్టడం నాకు వచ్చు. ప్రతి ఆదివారం వరుసలో నడుస్తాను.

చేతులకు ఇంకా ఆముదం వాసన, నీ అంగీకి వచ్చే వాసనే. ఈ ఒక్కపూట కడుక్కోను.

నీ
సరోజ అవ్వ