మామ అతికించిన రాకాసిబల్లి

కడప,
బుధవారం.

అన్నకు,

నీ చెల్లెలు పద్మ నమస్కారాలు. ఇక్కడ మీ బావ, పాప, మా మామగారు, నేను అందరం బాగున్నాము. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదిన, పిల్లలు ఎట్లా ఉన్నారు? మా గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మకు ఒకటికి రెండుసార్లు చెప్పు. నిజంగానే బాగున్నాము.

ఈ కవరులో చేతికి గట్టిగా తగిలేది తాళంచెవి. పోస్టులో కవరు చిరగకుండా గుడ్డలో పెట్టి కుట్టాను. కంగారు పడొద్దు, మంచి సంగతే. ఫోనులో చెబుదామంటే ఉన్నది ఒకే గది, మామ ఎప్పుడూ అక్కడే ఉంటాడు. ఆయన్ని ఆయన ముందే పొగడడం నాకు చేతకాదు. అందుకే ఉత్తరం.

కోడుమూరులో కిరాణా అంగడి మూసి ఈ ఊరు వచ్చి నాలుగు నెలలైంది కదా. బావకు స్టీలు సామాన్ల అంగట్లో పని కుదిరింది. ఇక్కడి ఎండ మన ఎండ కన్నా రెండాకులు ఎక్కువే చదివింది. చుట్టుపక్కల అంతా సంగటి తినేవాళ్లు. జొన్నరొట్టె కావాలంటే నేను కాల్చుకోవాల్సిందే. వేరుశనక్కాయల్ని బుడ్డలంటే ఎవరికీ తెలియదు, చెనిక్కాయలు అనాలి. ఇవన్నీ మాకు అలవాటయ్యాయి. అలవాటు కానిది మామ ఒక్కడికే. నలభై ఏళ్లు అంగట్లో కూర్చున్న మనిషి ఇక్కడ గోడవైపు తిరిగి కూర్చునేవాడు. "ఈడ నాకేం పని వుండాది? నన్ను కోడుమూరు బస్సెక్కియ్యండి. మన అంగట్లోనే పడుంటా" అని రోజూ అదే మాట. మూసిన అంగట్లో ఒంటరిగా ఎట్లా ఉంటాడు? ఎవరు వండిపెడతారు? అంగడి తాళంచెవి మొలతాడుకు కట్టుకునే తిరిగేవాడు. అది కనిపించినప్పుడల్లా నా గుండెలో రాయి పడేది.

ఇక నువ్వు కర్నూలు ఎగ్జిబిషన్‌లో కొని పంపిన రాకాసిబల్లి అస్థిపంజరం బొమ్మ పెట్టె సంగతి. నీ మేనకోడలి సంతోషం ఇంతా అంతా కాదు. పలుచని చెక్క పలకల్లో ఎముకలు కోసి ఉన్నాయి, వేలితో నొక్కితే ఊడి వస్తాయి. ఏ ఎముక దేంట్లో దూరాలో అంకెలు వేశారు. ఆ అంకెలు ఎముకల మీద లేవు, పక్కన పలక మీద ఉన్నాయి. ఆదివారం అందరం కూర్చుని చేద్దామనుకున్నాము.

మామ శుక్రవారమే మొదలుపెట్టాడు. పాప బడికి పోయింది, నేను కొళాయి దగ్గర ఉన్నాను. సరుకు ఇంటికొస్తే ముందు బాగుచేసి పెట్టడం ఆయన అలవాటు కదా. చింతపండులో గింజ, ఈనె తీసినట్టు ఎముకలన్నీ ఊడదీసి, పెద్దవి ఒక డబ్బాలో, సన్నవి ఒక డబ్బాలో పోశాడు. మిగిలిన పలకలు "ఇది తాలు. పొయ్యిలోకి పనికొస్తాది" అని నా చేతికిచ్చాడు. నీ చెల్లెలి తెలివి చూడు, వాటితోనే స్నానాలకు నీళ్లు కాచాను! "నీళ్లు శానా తొందరగా కాగినాయి" అని మెచ్చుకున్నాను కూడా.

పాప వచ్చి డబ్బాలు చూసి, "అంకెలేవి?" అంది. అంకెలు బూడిదయ్యాయి. అది ఏడవలేదు కానీ మామ మొహం నల్లబడింది. "నేను యాడ చెయ్యి పెట్టినా చెడగొడ్తాండా. ఆదివారం బస్సుకు పోతా. ఇంగ నన్ను ఆపొద్దండి" అన్నాడు. సంచిలో పంచెలు సర్దుకున్నాడు. బావ ఎంత బతిమాలినా వినలేదు.

అప్పుడు పాప డబ్బాలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "కలిపేసింది నువ్వే కదా తాతా. పొయ్యేలోపల దీనికి వెన్నెముకన్నా నిలబెట్టి పో" అంది. ఆ మొండితనం అచ్చం నీదే అన్నా.

తర్వాత ఆయన చేసింది నువ్వు చూసి ఉండాల్సింది. కళ్లజోడు తీసి, కళ్లు మూసుకుని, రెండు చేతుల్లో రెండు పక్కటెముకలు పెట్టుకున్నాడు. "ఇది దీని జోడు గాదు. ఇది రవ్వంత బరువు" అన్నాడు. పాప పక్కపక్కన పెట్టి చూస్తే గోరంత తేడా! అట్లాగే జోళ్లన్నీ ఏరాడు. పెట్టె మీది బొమ్మ చూసి పాప చోటు చెప్పేది, ఆయన ఎముక అందించేవాడు. ఆదివారం సెలవు కాబట్టి బావ కూడా నేలమీద బోర్లా పడుకుని కాళ్లు బిగించాడు. తొడిగి తీసి, తొడిగి తీసి గాట్లు వదులయ్యాయి. మామ నా చేత చింతగింజల పొడి ఉడికించి బంక చేయించాడు. అది ఎండేదాకా ఊడకుండా అంగట్లో పొట్లం కట్టినట్టు దారం చుట్టి ఒంటిచేత్తో ముడి వేశాడు. ఆ ముడి చూసి బావ కళ్లు తుడుచుకున్నాడు. అబద్ధమెందుకు, నాకూ ఏడుపొచ్చింది. ఇంత పనితనమున్న మనిషిని నాలుగు నెలలు గోడకు వదిలేశామే అనిపించింది.

దారం విప్పి నిలబెడితే మూరెడు ఎత్తుంది. "బల్లి మీద పడితే ఫలం పంచాంగంలో వుండాది. ఇది పడితే చదువుకునేదానికి మనిషి యాడ మిగుల్తాడు?" అని మామ పడీపడీ నవ్వాడు. పక్కింటామె వచ్చి ఎవరు చేసినారని అడిగితే "మేం నలుగురం" అన్నాడు. కోడుమూరు బస్సు ఎప్పుడు పోయిందో మాకెవరికీ గుర్తే లేదు.

సోమవారం పొద్దున నన్ను పిలిచాడు. "నేలమీద కూచ్చొని నడుము నొస్తాండాది. అంగట్లో నా పీట వుండాది, మీ అన్నతో చెప్పి తెప్పియ్యి. ఈడ పాపతో శానా పనుండాది" అన్నాడు. మొలతాడుకున్న తాళంచెవి విప్పబోతే ముడి రాలేదు. మొలతాడు కత్తిరించకూడదు కదా, పాప సూదిమొనతో చాలాసేపు కూర్చుని విప్పింది. ఆ తాళంచెవే ఇది.

అంగడి తెరిచి పీట బస్సులో వేసి పంపు. దాంతోపాటు వదిన చేతి బుడ్డల పొడి కూడా. అమ్మకు, నీకు, వదినకు మా అందరి నమస్కారాలు. పాపను దీవించండి.

పీటతోపాటు తాళంచెవి కూడా తిరిగి పంపించమని రాయాలా అని ఇప్పుడే మామను అడిగాను. పాప దుమ్ము తుడుస్తూ ఉంటే బల్లిని పట్టుకుని ఉన్నాడు, తల కూడా ఎత్తలేదు.

"ఎందుకుమ్మా? మీ అన్న దగ్గరే వుండనీ" అన్నాడు.

ఇట్లు,
నీ చెల్లెలు
పద్మ